నన్నూ ఆగనియ్యండి

సైకిలు గురించి మాట్లాడేటప్పుడు స్త్రీవాదుల కళ్ళ ముందు సాధారణంగా ఒంటరి స్త్రీ బొమ్మే ఉంటుంది. స్త్రీల విముక్తికి సైకిలు చేసినంత మేలు ప్రపంచంలో ఇంకేదీ చెయ్యలేదన్న అర్థం వచ్చేలా సూసన్ బి. ఆంథొనీ 1896లో ఒక ఇంటర్వ్యూలో చెప్పింది. ఆ ఇంటర్వ్యూ చేసిన నెల్లీ బ్లై కూడా స్త్రీయే. అప్పట్నుంచీ ఆ మాట వ్యాసాల్లో, పోస్టర్లలో, మహిళా దినోత్సవం ఉపన్యాసాల్లో తిరుగుతూనే ఉంది. ఆ మాట వినగానే కనిపించేది ఒక్క మనిషి, ఒక్క సైకిలు, ఖాళీ రోడ్డు. నాకూ ఆ బొమ్మంటే ఇష్టమే. కానీ మా బొల్లాపల్లి మండలంలో నేను చూసిన ఆడపిల్లలెవరూ ఒంటరిగా సైకిలు తొక్కలేదు. నలుగురో ఆరుగురో కలిసే వెళ్ళారు, కలిసే వచ్చారు. అందుకే నన్ను పట్టుకున్న ప్రశ్న వేరే. గుంపుగా వెళ్తున్నప్పుడు ఎవరి వేగంతో వెళ్ళాలి? వెనకబడిన మనిషికి ముందున్నవాళ్ళు ఏం బాకీ ఉంటారు?

ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, దూరప్రయాణాల సైకిలు చరిత్రలో దీని మీదే ఒక పెద్ద చీలిక వచ్చింది. టూర్ ద ఫ్రాన్స్ పందెం మొదలుపెట్టిన ఆన్రీ దెగ్రాంజ్ అనే పత్రికా సంపాదకుడు 1904లో ఫ్రాన్సులో ‘ఆడాక్స్’ యాత్రలకు నియమాలు పెట్టాడు. ఇవి పందేలు కావు. ముందొక నాయకుడు ఉంటాడు, అందరూ ఆయన వెనకే, ఒకే వేగంతో, ఒకే గుంపుగా వెళ్ళాలి. ఆ వేగం తర్వాతి కాలంలో గంటకు 22.5 కిలోమీటర్లుగా స్థిరపడింది. అంతకన్నా వేగంగా పోగలిగినవాళ్ళు తగ్గాలి, పోలేనివాళ్ళు పెరగాలి. ఆయనతో పొసగక 1921లో ఆడాక్స్ క్లబ్ పారిజియెన్ వాళ్ళు ఇంకో పద్ధతి తెచ్చారు. దాని పేరుకు అర్థం ‘స్వేచ్ఛా వేగం’. ఎవరికి వాళ్ళు, గడువు లోపల గమ్యం చేరితే చాలు. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కి ఇరవై, 400కి ఇరవై ఏడు, 600కి నలభై. ఇవాళ హైదరాబాదులోనూ మిగతా నగరాల్లోనూ జరిగే ‘బ్రెవే’లన్నీ ఈ రెండో రకానివే. తినడం, నిద్ర, పంక్చరు, పొదల చాటుకు వెళ్ళి ప్యాడు మార్చుకోవడం అన్నీ ఆ గడువులోనే. గడియారం ఎవరి కోసమూ ఆగదు.

మొదటి పద్ధతిలో సంఘం ఉంది, కానీ అది ఒక సగటు మనిషి కొలతకు కుట్టిన సంఘం. రెండో దాంట్లో స్వేచ్ఛ ఉంది, కానీ వెనకబడితే నీ ఖర్మ. సాహిత్యంలో ఉన్నవాళ్ళకు ఈ వాదన కొత్త కాదు. ఉద్యమాల్లో, సంఘాల్లో మనం దీన్ని వేరే పేర్లతో ఎన్నిసార్లు వాదించుకోలేదు!

కొన్నేళ్ళ కింద, సంక్రాంతి వెళ్ళిన వారం, పదకొండుమందిమి నరసరావుపేట నుంచి వినుకొండ మీదుగా బొల్లాపల్లి వైపు, తర్వాత కారంపూడి, మాచర్ల చూసుకుని నాగార్జునసాగర్ దాకా మూడు రోజుల యాత్ర చేశాం. నలుగురం ఆడవాళ్ళం. మా నాయకుడు మంచి మనిషి. మొదటి రోజే చెప్పాడు, ‘ఎవర్నీ వదిలేసి పోయేది లేదు, ప్రతి పదిహేను కిలోమీటర్లకు ఆగుదాం, అందరూ కలిశాకే కదులుదాం’ అని. ఇంతకన్నా మానవీయమైన నియమం ఏముంటుంది అనిపిస్తుంది. మా అందరిలోకీ నెమ్మదిగా తొక్కేది ఒక టీచరక్క. నలభై ఏడేళ్ళు, ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెబుతుంది. ఆ రోజు ఆరు చోట్ల ఆగాం. ఒక్కోచోట ముందు వచ్చినవాళ్ళు పది పన్నెండు నిమిషాలు కూర్చున్నారు, అరటిపళ్ళు తిన్నారు, ఫోన్లు చూసుకున్నారు. అక్క చెమటలు కక్కుకుంటూ వచ్చి కాలు కింద పెట్టేసరికి, ‘ఆ, వచ్చేశారు, పదండి పదండి’ అని లేచారు. సాయంత్రానికి లెక్క వేస్తే వేగంగా తొక్కేవాళ్ళకు మధ్యాహ్నం భోజనం కాకుండా గంటకు పైగా విశ్రాంతి దొరికింది. ఎవరి కోసం ఆగామో ఆమెకు మాత్రం ఒక్క నిమిషం దొరకలేదు.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఆమె అన్న మాట ఇది: ‘మీరంతా నా కోసం ఆగుతున్నారు, సంతోషమే. కానీ నన్నూ ఆగనియ్యండి.’

కోపంగా అనలేదు. పప్పు వడ్డించుకుంటూ మామూలుగా అంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. కరుణకు, న్యాయానికి మధ్య తేడా గురించి నేను చదివిన పుస్తకాల కన్నా ఆ మాటలో ఎక్కువ స్పష్టత ఉంది. ఆగినవాళ్ళకు తాము త్యాగం చేస్తున్నామన్న తృప్తి ఉంటుంది. అందుకోబడినామెకు రుణభారం ఉంటుంది. కానీ విశ్రాంతి ఎటు చేరిందో చూస్తే త్యాగం ఎవరిదో తారుమారవుతుంది. కుటుంబాల్లో, ఆఫీసుల్లో, యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్లలో ‘మీ ఆడవాళ్ళ కోసం ఆగుతూనే ఉన్నాం కదా’ అనే మాట విన్నప్పుడల్లా నాకు ఆ అరటితొక్కలు గుర్తొస్తాయి. ప్రసూతి సెలవు నుంచి తిరిగొచ్చిన మనిషికి, ఆమె కోసం ఆపి ఉంచిన పనంతా ఒక్కసారిగా అప్పజెప్పడం ఇలాంటిదే.

ఇక వెనకబడటం అనేదాంట్లో కాళ్ళ బలం ఎంత, సామాను ఎంత? యాత్రకు వారం ముందు మాకొక జాబితా వచ్చింది. హెల్మెట్, గ్లౌజులు, ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, రెండు ట్యూబులు, పంక్చరు అతుకులు, సొల్యూషను, చిన్న పంపు, పానాలు, ప్యాడు కుట్టిన షార్ట్సు, రెండు నీళ్ళ సీసాలు, ఓఆర్ఎస్ పొట్లాలు. దానికి మేం నలుగురం ఫోన్లో మాట్లాడుకుని చేర్చుకున్నవి వేరే ఉన్నాయి: శానిటరీ ప్యాడ్లు, వాడినవి చుట్టి పెట్టుకోవడానికి నల్ల కవర్లు, ఊళ్ళోకి వెళ్ళేముందు షార్ట్సు మీద వేసుకోవడానికి ఒక్కొక్క పైజామా, ఒక పాత దుప్పటి. దుప్పటి ఎందుకంటే, ఇద్దరు అడ్డంగా పట్టుకుంటే మూడో మనిషి కూర్చోవడానికి. మగవాళ్ళకు ప్రతి చెట్టూ ఒక సౌకర్యమే. మాకు ఒక్కసారి ఆగాలంటే ముగ్గురు ఆగాలి. అందుకని టీచరక్క పొద్దుటి నుంచీ నీళ్ళు గుక్కెడు గుక్కెడే తాగింది. ఎండలంటే రెంటచింతల పేరు చెప్పుకునే ప్రాంతం మాది. జనవరి కాబట్టి సరిపోయింది. నీళ్ళు తాగని కండరం త్వరగా అలిసిపోతుంది, అలిసిన మనిషి వెనకబడుతుంది, వెనకబడితే ‘ఆడవాళ్ళకు స్టామినా తక్కువ’ అని తీర్పు వస్తుంది. ఈ గొలుసులో ఏ లింకు దగ్గర శరీరం ఆగి సమాజం మొదలవుతుందో ఎవరైనా చూపిస్తారా?

సైకిలు నిర్మాణంలోనే ఈ సంగతి ఉంది. సీటు నుంచి హ్యాండిలు దాకా అడ్డంగా ఉండే బారు సైకిలుకు బలం. గౌనులూ చీరలూ కట్టుకునేవాళ్ళ కోసం దాన్ని కిందికి వంచి లేడీస్ సైకిలు చేశారు. చైనుకు కవరు, వెనక చక్రానికి బట్ట చుట్టుకోకుండా జాలి. ఇవన్నీ శరీరం కోసం కాదు, బట్టల కోసం చేసిన మార్పులు. 1894లో బోస్టన్ నుంచి ప్రపంచయాత్రకు బయల్దేరిన ఆనీ లండన్‌డెరీ ముగ్గురు పిల్లల తల్లి. షికాగో చేరేసరికి బరువైన లేడీస్ సైకిలు వదిలేసి, దాని బరువులో సగమే ఉన్న మగవాళ్ళ సైకిలు ఎక్కింది, గౌను బదులు బ్లూమర్సు తొడిగింది. మన పక్క రాష్ట్రంలో, పుదుక్కోట్టై జిల్లాలో, 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలమంది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. అదే అక్షరాస్యతా ఉద్యమం మన నెల్లూరు జిల్లాలో 1992లో దూబగుంట సారా వ్యతిరేక పోరాటానికి దారి తీసిన సంగతి మనకు తెలుసు. పుదుక్కోట్టై గురించి పి. సాయినాథ్ ఒక విషయం రాశారు. లేడీస్ సైకిళ్ళు దొరక్కపోతే అక్కడి ఆడవాళ్ళు మగవాళ్ళ సైకిళ్ళే తీసుకున్నారు, కొందరికి అవే నచ్చాయి. ఎందుకంటే ఆ అడ్డబారు మీద పిల్లల్ని కూర్చోబెట్టుకోవచ్చు. ఇది చదివిన ప్రతిసారీ నాకు రెండు భావాలు ఒకేసారి కలుగుతాయి. ఎంత తెలివి! స్వేచ్ఛ దొరికిన రోజున కూడా బారు మీద పిల్ల ఉండాల్సిందేనా?

యాత్రికుల భాషలో ‘సెల్ఫ్ సపోర్టెడ్’ అనే మాటకు చాలా గౌరవం ఉంది. బ్రెవేల నియమం ప్రకారం, తనిఖీ చోట్ల తప్ప దారిలో బయటివాళ్ళ సాయం తీసుకోకూడదు. నీ సామాను నువ్వే మొయ్యాలి, నీ పంక్చరు నువ్వే వేసుకోవాలి. మంచి క్రమశిక్షణే. కానీ తెల్లవారుజామున ఐదింటికి సైకిలెక్కిన మనిషి ఇంట్లో ఆ రోజు పాలు కాచిందెవరు, పిల్లలకు డబ్బాలు కట్టిందెవరు, మంచంలో ఉన్న అత్తగారికి మాత్ర ఇచ్చిందెవరు? ఈ సాయం దారిలో జరగదు కాబట్టి నియమానికి కనపడదు. నా పరిశోధన తెలుగు యాత్రాకథనాల మీద. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో పెద్ద పరివారంతో, బోయీలు మోసే మేనాలో కాశీకి బయల్దేరాడు. కనీసం ఆయన ఆ సంగతి దాచుకోలేదు. స్వావలంబన అనే ఆదర్శం మేనా మోసేవాళ్ళను దారి మీది నుంచి తప్పించి వంటింట్లో పెట్టిందని నాకనిపిస్తుంది.

దెర్వ్లా మర్ఫీ కథ ఇక్కడ చెప్పుకోవాలి. ఐర్లండులో ఒక చిన్న ఊళ్ళో పుట్టిన ఈమెకు పదో పుట్టినరోజుకు ఒక సైకిలు, ఒక అట్లాసు బహుమతిగా వచ్చాయి. సైకిలు మీద ఇండియాకి వెళ్ళాలని ఆ రోజుల్లోనే అనుకుంది. పద్నాలుగేళ్ళకు బడి మానేసింది, జబ్బుతో కదల్లేని తల్లికి సేవ చెయ్యడానికి. తల్లి 1962లో పోయింది. 1963 జనవరిలో, గడ్డకట్టే చలిలో, ఈమె బయల్దేరింది. అప్పటికి ముప్ఫై ఒకటి దాటాయి. జూలైకి ఢిల్లీ చేరింది. సైకిలుకున్న మూడు గేర్లను బయల్దేరేముందే పీకించేసింది, ఆ రోడ్లకు అవి తట్టుకోవని. ఆ ప్రయాణం గురించి 1965లో వచ్చిన ‘ఫుల్ టిల్ట్’ చదివినవాళ్ళంతా ఆమె ధైర్యం గురించి, ఆమె దగ్గరున్న పిస్తోలు గురించి చెబుతారు. నాకు ఆ ఆరునెలల కన్నా అంతకు ముందరి ఇరవై ఏళ్ళే పెద్ద ప్రయాణంగా కనిపిస్తాయి. ఆమె నిజంగా ‘సెల్ఫ్ సపోర్టెడ్’. కానీ అలా కావడానికి ఇంట్లో ఆమె అవసరం ఉన్న మనిషి చనిపోవలసి వచ్చింది. అన్నదమ్ములు లేని ఇంట్లో ఒక్కతే కూతురు. కొడుకై ఉంటే ఈ ఇరవై ఏళ్ళు ఆగేవాడా అని అడగడం మర్యాద కాదేమో గానీ, అడుగుతున్నాను.

మా యాత్ర రెండో రోజు పొద్దున టీచరక్క, ‘నేను ముప్పావుగంట ముందు బయల్దేరతా, మీరు వెనక రండి’ అంది. నాయకుడు ఒప్పుకోలేదు. దారి నిర్మానుష్యం, ఒక్క ఆడమనిషి, ఏదన్నా అయితే మీ ఇంట్లోవాళ్ళకు నేనేం జవాబు చెప్పాలి? పోనీ ఒక కుర్రాణ్ణి తోడు పంపుతానన్నాడు. ‘ఆ కుర్రాడు నాకంటే ముందు పోయి మళ్ళీ నా కోసం ఆగుతాడు. మా ఆయనకి నేను చెప్పుకుంటా గానీ, నువ్వు నిదానంగా రా నాయనా’ అని బయల్దేరింది. రెండు గంటల తర్వాత మేం ఆమెను దాటాం. చింతచెట్టు కింద కాళ్ళు చాపుకుని వేరుశనగ ఉండ తింటూ ఉంది. పొమ్మన్నట్టు చెయ్యి ఊపింది. ఆ రోజు కడుపునిండా నీళ్ళు తాగానని రాత్రి చెప్పింది. కారంపూడిలో ఎవరో ఆమెను ‘నాయకురాలు నాగమ్మ’ అని వేళాకోళం చేశారు. పల్నాడులో ముందు నడిచిన ఆడదానికి పేరు వెతుక్కోనక్కర్లేదు, ఎనిమిది వందల ఏళ్ళుగా సిద్ధంగా ఉంది.

ఆమెకది సాధ్యమైంది. ఉద్యోగం, వయసు, సొంత సైకిలు, జవాబు చెప్పుకోగల భర్త. బొల్లాపల్లి పక్క ఊళ్ళలో పద్నాలుగేళ్ళ పిల్లకు ఏం సాధ్యం?

మా మండలం నల్లమల అంచున ఉంటుంది. నీటికి కటకట, పత్తి, మిరప, కంది. ఊళ్ళు దూరదూరంగా, మధ్యలో సుగాలీల తండాలు. హైస్కూలంటే చాలామంది పిల్లలకు నాలుగైదు కిలోమీటర్లు పోవాలి. 2017లో ‘బడికొస్తా’ పథకం కింద ప్రభుత్వం హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చింది. బీహారులో 2006లో మొదలైన ఇలాంటి పథకం మీద కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ చేసిన అధ్యయనం 2017లో అచ్చయింది. తొమ్మిది, పది తరగతుల వయసు ఆడపిల్లల నమోదు 32 శాతం పెరిగిందనీ, మగపిల్లలతో ఉన్న తేడా 40 శాతం తగ్గిందనీ వాళ్ళు తేల్చారు. అంత విలువైన డబ్బు ఇచ్చే పథకాల కన్నా సైకిలు ఎందుకు ఎక్కువ పని చేసిందంటే, పిల్లలందరికీ ఒకేసారి ఇవ్వడం వల్ల గుంపుగా వెళ్ళడం కుదిరి భద్రత పెరిగి ఉంటుందని, ఆడపిల్ల ఊరు దాటడం గురించిన కట్టుబాట్లు కూడా సడలి ఉంటాయని వాళ్ళ అభిప్రాయం. అంటే పని చేసింది సైకిలు కాదు, సైకిళ్ళు.

ఆ బహువచనంలోనే చిక్కూ ఉంది. మా ఊళ్ళో మా పెదనాన్న మనవరాలు, ఇంకో ముగ్గురు కలిసి హైస్కూలుకు వెళ్ళేవాళ్ళు. ఒక పిల్లకు తొమ్మిదో తరగతి మధ్యలోనే సంబంధం కుదిరింది. ఇంకో పిల్ల మిరపకోతలకు తల్లి వెంట వెళ్ళి మళ్ళీ రాలేదు. మూడో పిల్లను ఒంగోలులో మేనమామ దగ్గర పెట్టారు. మిగిలింది ఒక్కతే. సైకిలు ఉంది, చదవాలని ఉంది, మార్కులున్నాయి. ‘తోడు లేకుండా ఎట్లా పంపేది?’ అన్నారు. ఒక పిల్ల పెళ్ళి ఇంకో పిల్ల చదువును ఆపుతుంది. గుంపు బలమని మనం చెబుతాం. కానీ ఒంటరిగా వెళ్ళే హక్కు లేనివాళ్ళ గుంపు, ఒక్కొక్కరు రాలిపోతుంటే మిగిలినవాళ్ళను కూడా ఇంట్లో కూర్చోబెడుతుంది. ఒంటరిగా వెళ్ళగలిగినప్పుడే కదా కలిసి వెళ్ళడాన్ని మనం ఎంచుకోగలిగేది. టీచరక్కకు ఆ ఎంపిక ఉంది కాబట్టే రెండో రాత్రి మళ్ళీ మాతో కూర్చుని అన్నం తింది. ఈ పిల్లకు గుంపు అంటే స్నేహమే, అదే సమయంలో అనుమతిపత్రం కూడా.

ఈ మాట వాళ్ళమ్మతో అన్నాను. నాకు వదిన వరస. ఆమె మిరపకాయలు తొడిమలు తీస్తూ వింది. ‘నువ్వు చెప్పేది బాగానే ఉంది అమ్మాయ్. ఒంటరిగా పోయే హక్కు దానికుంది. మరి దారిలో కూర్చునే మగపిల్లకాయలకు ఆ సంగతి ఎవరు చెప్తారు? ఆ మలుపు కాడ నువ్వు నిలబడతావా రోజూ?’ అంది. దీనికి నా దగ్గర సిద్ధాంతం లేదు. హక్కును పరీక్షించే ఖర్చు పిల్ల ఒంటి మీద పడుతుందని ఆమెకు తెలుసు. నా వాదన తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ ఆ వాదన గెలిచేలోపు ఆ పిల్లకు పదో తరగతి దాటిపోతుంది.

దారి చూపింది పిల్లే. తండా నుంచి ఐదుగురు ఆడపిల్లలు అదే స్కూలుకు, అదే రోడ్డు మీద, మా ఊరి మలుపు మీదుగా ఏళ్ళ తరబడి సైకిళ్ళ మీద వెళ్తున్నారు. పెద్దవాళ్ళెవరికీ వాళ్ళు ‘తోడు’గా లెక్కలోకి రాలేదు. తోడు అంటే మన ఊరి పిల్ల, మన వాళ్ళ పిల్ల. రెండు గుంపులూ పక్కపక్కనే వెళ్తున్నా కలిసి వెళ్ళేవి కావు. ‘నేను వాళ్ళతో పోతా’ అని పిల్ల అన్నప్పుడు ఇంట్లో రెండు రోజులు మాటల్లేవు. వాళ్ళ నాన్న, ‘సుగాలోళ్ళతోనా?’ అన్నాడు. ‘వాళ్ళకు పంపులుండయ్, పంక్చరు వాళ్ళే ఏసుకుంటారు’ అని పిల్ల జవాబు. తండాకు దగ్గర్లో సైకిలు షాపు లేదు కాబట్టి ఆ పిల్లలు ఆ పని నేర్చుకున్నారు. మాకొచ్చిన జాబితాలో సగం సామాను వాళ్ళ సంచుల్లో ఎవరూ చెప్పకుండానే ఉంది.

మొదటి వారం వాళ్ళు ఈమె కోసం ఆగలేదు. ఎందుకాగాలి? ఇన్నేళ్ళూ మా ఊరి పిల్లలు వాళ్ళ కోసం ఒక్కసారైనా ఆగారా? వెనకాల పాతిక గజాల దూరంలో తొక్కుకుంటూ వెళ్ళింది. తర్వాత ఒకరోజు చైను ఊడితే ఒక పిల్ల వెనక్కి వచ్చి ఎక్కించిందట. వాళ్ళది మా ఊరికన్నా దూరం కాబట్టి చీకటితోనే లేచి బయల్దేరతారు, ఎనిమిదింటికల్లా మలుపు దగ్గరికొస్తారు. ఇప్పుడు మా పిల్ల ఎనిమిదికి పది నిమిషాల ముందే అక్కడ సైకిలు పట్టుకుని నిలబడి ఉంటుంది.